టీఎఫ్‌ఏనా, ఫార్మిక్ యాసిడా? పెప్టైడ్ల పనిలో ఏది మేలు?

జీడిమెట్ల, బాచుపల్లి, జీనోమ్ వ్యాలీ... ఎటు వెళ్లినా ల్యాబుల్లో ఇప్పుడు పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల) మాటే. సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ అనే షుగర్, బరువు తగ్గించే మందుల జనరిక్‌ల పుణ్యమా అని నిన్నటిదాకా చిన్న మాలిక్యూల్స్ చేసినవాళ్లు కూడా ఇటే వస్తున్నారు. వీటిని విడదీసి చూసేది హెచ్‌పీఎల్‌సీలో: ద్రావకంతో కాలమ్ అనే గొట్టం గుండా పంపితే, ఒక్కోటి ఒక్కో సమయంలో బయటికొచ్చి డిటెక్టర్ గీతలో పీక్‌గా కనిపిస్తుంది. "అన్నా, ఏ కాలమ్ కొనమంటావ్?" అని అడిగే కుర్రాళ్లను నేను ఎదురు అడిగేది ఒకటే: "ముందు డిటెక్టర్ ఏంటో చెప్పు తమ్ముడూ."

కాంతిని ఎంత పీల్చుకుందో చూసే యూవీ డిటెక్టర్ అయితే, ద్రావకంలో కలపాల్సింది టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ యాసిడ్). నాకు ఇందులో అనుమానం లేదు. 0.1 శాతం కలిపితే పీహెచ్ 2 దగ్గరికి వస్తుంది. ఆ పీహెచ్‌లో లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలన్నీ పాజిటివ్ చార్జ్‌తో ఉంటాయి. టీఎఫ్‌ఏ అయాన్ వాటికి అంటుకుని ఆ చార్జ్‌ని కప్పేస్తుంది. దాంతో పెప్టైడ్ కాలమ్‌లోని సీ18ని (18 కార్బన్ల గొలుసులు అతికించిన పొడిని) గట్టిగా పట్టుకుంటుంది, పీక్ సన్నగా, నిటారుగా వస్తుంది. మెయిన్ పీక్ పక్కనే నక్కిన డీఅమిడేషన్ ఇంప్యూరిటీని (అమైడ్ గుంపు యాసిడ్‌గా మారిపోయిన పెప్టైడ్‌ని) విడదీయాలంటే ఆ సన్నదనమే కావాలి. చిక్కల్లా 214 నానోమీటర్ల దగ్గర టీఎఫ్‌ఏ తనే కాంతిని పీల్చుకోవడం. గ్రేడియంట్ (నీళ్లు తగ్గిస్తూ అసిటోనైట్రైల్ పెంచడం) నడిచేకొద్దీ బేస్‌లైన్ పాకుతుంది. నీళ్లుండే ‘ఎ’ సీసాలో 0.1, అసిటోనైట్రైల్ ఉండే ‘బి’ సీసాలో 0.085 శాతం టీఎఫ్‌ఏ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

డిటెక్టర్‌గా మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువు కొలిచేది) పెడితే లెక్క తిరగబడుతుంది. పీక్‌ని అందంగా నిలబెట్టిన ఆ జతకట్టడమే ఎలక్ట్రోస్ప్రేలో (మాస్‌లోకి పంపేముందు ద్రవాన్ని చార్జ్ ఉన్న తుంపరగా మార్చే చోట) సిగ్నల్‌ని నొక్కేస్తుంది. అక్కడ 0.1 శాతం ఫార్మిక్ యాసిడే దిక్కు. పీహెచ్ సుమారు 2.7, సిగ్నల్ బాగుంటుంది. కానీ జతకట్టే గుణం తక్కువ కాబట్టి పాత రకం సిలికా సీ18 మీద లైసిన్, ఆర్జినిన్ ఎక్కువున్న పెప్టైడ్‌కి పొడవాటి తోక వస్తుంది. లోడ్ కాస్త పెంచినా చాలు, పీక్ ఒరిగిపోతుంది.

కాలమ్ సంగతి అసలు వచ్చేది ఇక్కడే. ఉపరితలం మీద కొద్దిపాటి పాజిటివ్ చార్జ్ పెట్టిన హైబ్రిడ్ సీ18లు ఉన్నాయి. పాజిటివ్ పెప్టైడ్‌ని అవి కాస్త దూరంగా నెడతాయి కాబట్టి సిలికా మీద ఉండి తోకకి కారణమయ్యే సిలనాల్స్‌కి (Si-OH గుంపులకి) దొరకదు, ఫార్మిక్‌లో కూడా పీక్ చక్కగా వస్తుంది. రిటెన్షన్ (కాలమ్‌లో నిలిచే సమయం) కొంచెం తగ్గుతుంది, గ్రేడియంట్‌ని తక్కువ అసిటోనైట్రైల్‌తో మొదలుపెట్టాలి. ఖరీదు ఎక్కువే, అయినా మాస్ పనికి నా ఓటు వీటికే. టీఎఫ్‌ఏతో నడిపేవాళ్లకు మామూలు మంచి సీ18 సరిపోతుంది, అంత డబ్బు పోయక్కర్లేదు.

కాలమ్ రేణువుల్లోని రంధ్రాల సైజు? ట్రిప్సిన్ ఎంజైమ్ కోసిన పెప్టైడ్ ముక్కలకు 100-130 ఆంగ్‌స్ట్రామ్‌లు చాలు. ఇన్సులిన్ అంతటిది వస్తే 300 తీసుకోండి. సీ4 (నాలుగు కార్బన్ల గొలుసుల) కాలమ్‌ని ప్రొటీన్లకు ఉంచండి, చిన్న పెప్టైడ్ అక్కడ నిలవదు.

టీఎఫ్‌ఏకీ, ఫార్మిక్‌కీ మధ్యలో డైఫ్లోరోఅసిటిక్ యాసిడ్ ఉంది: పీక్ దాదాపు టీఎఫ్‌ఏలా, సిగ్నల్ అంతకంటే మెరుగ్గా. యూవీ, మాస్ రెండూ ఒకే మెథడ్‌లో కావాలంటే చూడదగ్గదే.

ఒక్క జాగ్రత్త. టీఎఫ్‌ఏ ఒకసారి ట్యూబింగ్‌లోకి పోతే ఓ పట్టాన వదలదు. మాస్‌కి వాడే సిస్టమ్‌నీ, దాని సీసాలనీ విడిగా పెట్టుకోండి. ప్యూరిఫికేషన్ కూడా టీఎఫ్‌ఏలోనే చేస్తే పెప్టైడ్ టీఎఫ్‌ఏ సాల్ట్‌గా చేతికొస్తుంది. మందుకైనా, సెల్ ఎస్సేకైనా (కణాల మీద చేసే పరీక్షకైనా) దాన్ని అసిటేట్‌గానో క్లోరైడ్‌గానో మార్చుకోవాలి. ఆ పనికి పట్టే రోజులు ప్రాజెక్ట్ ప్లాన్‌లో ముందే రాసుకోండి.