గడియారానికి ఛార్జింగ్: పిన్నులా, తీగచుట్టా?

స్మార్ట్‌వాచ్ వెనుక రెండు మూడు లోహపు చుక్కలు కనిపిస్తే అది పిన్నులతో ఛార్జ్ అయ్యే రకం. నున్నగా ఉంటే లోపల రాగి తీగచుట్ట ఉందని దాదాపుగా అనుకోవచ్చు.

పిన్నులతో విద్యుత్తు నేరుగా లోపలికి వెళ్తుంది. వృథా తక్కువ, వేడి తక్కువ, ధరా తక్కువే. చిక్కంతా చెమటతోనే. నా పాత బ్యాండు రాత్రంతా ఛార్జింగులో ఉన్నా తెల్లారేసరికి సున్నా చూపించింది. తిప్పి చూస్తే ఒక చుక్క మీద ఆకుపచ్చ చిలుము! పాత టూత్‌బ్రష్‌తో రుద్దాక గానీ ప్రాణం రాలేదు. చెమట తుడవకుండా ఛార్జింగుకు పెట్టడమే నా తప్పు. తడి, ఉప్పు, విద్యుత్తు కలిస్తే లోహం తినేసుకుపోతుంది.

తీగచుట్టకు ఈ బెడద లేదు. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది: ఛార్జరు చుట్టలో మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం గడియారం చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. అయితే ఆ చుట్ట మరీ చిన్నది. కొద్దిగా పక్కకు జరిగినా విద్యుత్తు తగ్గి, వృథా పెరుగుతుంది. ఆ వృథా వేడిగా మారి లిథియం బ్యాటరీకి ముసలితనం తెస్తుంది. అందుకే సరిగ్గా కూర్చోబెట్టే అయస్కాంతాలు పెడతారు. పైగా ఇలాంటి వైర్‌లెస్ ఛార్జింగుకు ‘చీ’ (Qi) అనే ఉమ్మడి ప్రమాణం ఉన్నా, ఆపిల్ వాచ్ మామూలు చీ ప్యాడ్ మీద ఛార్జ్ కాదు. వైర్‌లెస్ అన్నది పేరుకే. ప్రయాణంలో ఆ ఛార్జరు బిళ్ళనూ దాని తీగనూ మోయాల్సిందే.

రోజూ ఈత కొట్టేవారికి నా ఓటు చుట్టకే. తక్కువ ధర బ్యాండుకైతే పిన్నులు చాలు, తుడిచే ఓపిక ఉంటే.