ఫార్మసిస్టు మందులు రాయడం: ఏ పద్ధతి మేలు?

బ్రిటన్‌లో ఫార్మసిస్టులే మందులు రాస్తున్నారట కదా, ఆ పద్ధతుల్లో ఏది మేలని ఫార్మ్ డి విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. వైద్యునితో కుదుర్చుకున్న చికిత్సా ప్రణాళిక మేరకే రాసే 2003 నాటి సప్లిమెంటరీ పద్ధతిని పక్కన పెడితే, పోల్చదగినవి రెండు.

మొదటిది 2006లో వచ్చిన స్వతంత్ర అధికారం. ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టు తన సామర్థ్యం పరిధిలో రోగిని పరీక్షించి, తన సంతకంతోనే మందు రాయవచ్చు. జీపీ (అక్కడి కుటుంబ వైద్యుడు) క్లినిక్కులో కూర్చుని బీపీ, ఉబ్బసం రోగుల మోతాదులు సవరించే ఫార్మసిస్టుకు ఇది ఎంతో అక్కరకు వస్తుంది.

రెండవది 2024 జనవరి 31న ఇంగ్లండ్‌లో మొదలైన ఫార్మసీ ఫస్ట్. గొంతునొప్పి, చెవిపోటు, సైనసైటిస్, చీము పట్టిన పురుగుకాటు, ఇంపెటిగో (చర్మంపై పుండ్లు పడే ఇన్ఫెక్షన్), సర్పి (షింగిల్స్), స్త్రీలలో సాధారణ మూత్రనాళ ఇన్ఫెక్షన్ అనే ఏడు సమస్యలకే, ముందే నిర్ణయించిన నిబంధనల ప్రకారం మందు ఇస్తారు. కచ్చితంగా చెప్పాలంటే ఇది మందు రాయడం కాదు, అనుమతించిన మందును అందించడం.

అధికారం విస్తృతిని బట్టి చూస్తే మొదటిదే గొప్పగా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం తేల్చవలసింది, మందు రాసేవాడికి అది అమ్ముడుపోవడంతో లాభం ముడిపడి ఉందా అన్నదే. ఫార్మసీ ఫస్ట్ మొదలైనప్పుడు అర్హమైన ఒక్కొక్క సంప్రదింపుకు 15 పౌండ్లు నిర్ణయించారు. మందు అవసరం లేదని చెప్పి పంపినా ఆ సొమ్ము వస్తుంది. యాంటీబయాటిక్ వద్దని చెప్పినందుకు దుకాణం నష్టపోదు. స్వతంత్ర పద్ధతిలోనూ రాయడాన్ని, అందించడాన్ని వేరుగా ఉంచాలని మార్గదర్శకాలున్నాయి గాని, ఒక్కరే ఫార్మసిస్టు ఉన్న దుకాణంలో ఆ గీత నిలవడం కష్టం.

అందుకే మన దేశంలో ఎప్పుడైనా మొదలుపెడితే చిన్న జాబితాతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఇక్కడ ఫార్మసిస్టుకు మందు రాసే హక్కు చట్టంలో లేదు. 2014 మార్చి 1 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1 (మందుల నియమాల్లో గట్టి నిఘా ఉంచవలసిన మందుల జాబితా) ప్రకారం అనేక యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని వైద్యుడు, రోగి పేర్లతో రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. అయినా చీటీ లేకుండా అవి చేతికి రావడం మనకు కొత్త కాదు; గోడపై సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్ వెనుక నిలబడేది మరొకరు. ఇంగ్లండ్‌లో సంప్రదింపు వివరాలు రోగి జీపీకి చేరతాయి. మన దుకాణంలో ఇచ్చిన మందు వివరం పక్క వీధిలోని వైద్యునికైనా తెలియదు, కనుక ఏడు జబ్బుల జాబితాకన్నా ముందు ఆ నమోదు వ్యవస్థ రావాలి.