పాత మాస్కా, కొత్త డోక్రానా? జానపద కళ సేకరించేవాళ్లకు ఏది మేలు

ఇంట్లో నాలుగు మంచి గిరిజన, జానపద కళాఖండాలు పెట్టుకోవాలనుకునేవాళ్లు తేల్చుకోలేక ఆగేది ఒకే దగ్గర. వందేళ్ల నాటిది ఒకటి కొనాలా, అదే డబ్బుతో ఇప్పటి కళాకారుల చేతిపని నాలుగైదు తెచ్చుకోవాలా? నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి కొన్నేళ్లూ కొత్తవే కొనండి. పాతవంటే నాకు ప్రాణం, అందుకే ఈ మాట అంటున్నాను.

పాత వస్తువు గొప్పతనమంతా వాడకంలో ఉంది. పశ్చిమాఫ్రికా చెక్క మాస్కు చేతికొస్తే ముందు దాన్ని తిప్పి లోపలివైపు చూడండి. నిజంగా కట్టుకుని ఆడినదైతే నుదురు, ముక్కు, చెంపలు ఆనే చోట చెమటకు నల్లబడి నున్నగా ఉంటుంది. తాళ్లు కట్టిన కంతలు లాగిన వైపే అరిగి ఉంటాయి. అమ్మకానికి చేసినదైతే లోపల ఉలి గాట్లు గరుకుగా అలాగే మిగిలి ఉంటాయి. ఆ అరుగుదల ఏ కొత్తదాంట్లోనూ దొరకదు. ఈ విషయంలో పాతదానిదే పైచేయి.

కానీ అది మన దాకా ఎలా వచ్చింది? కెన్యా తీరంలోని మిజికెండా ప్రజలు చనిపోయిన పెద్దల కోసం విగాంగో అనే చెక్క స్తంభాలు నాటుతారు. నాటాక వాటిని కదిలించకూడదు. అలాంటివి పెరికి అమ్మేస్తే అమెరికా మ్యూజియాల దాకా, హాలీవుడ్ వాళ్ల ఇళ్ల దాకా వెళ్లాయి. తర్వాత వచ్చిన జబ్బులకూ కరువుకూ ఆ దొంగతనమే కారణమని అక్కడి కుటుంబాలు నమ్మాయి. డెన్వర్‌లోని ఒక పెద్ద మ్యూజియం తన దగ్గరున్న 30 విగాంగోలను 2019లో తిరిగి పంపింది.

మన దగ్గరా ఉంది ఇలాంటి కథ. ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగలెత్తుకెళ్లిన బౌద్ధ శిల్పఫలకాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొంది, 2016లో మన దేశానికి అప్పగించింది. అంతమంది నిపుణులున్న సంస్థకే అలా జరిగితే, షాపువాడు "మా తాతల నాటిదండీ" అన్న ఒక్క మాట మీద మనం లక్షలు పెట్టొచ్చా? ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితాలు లేని పాత వస్తువును ఎంత అందంగా ఉన్నా వదిలేయాల్సిందే.

చట్టం సంగతీ చూసుకోవాలి. 1972 నాటి చట్టం ప్రకారం మన దేశంలో వందేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు. లైసెన్సు లేనివాళ్లు అలాంటివి అమ్మే వ్యాపారం చేయకూడదు. రాతి, లోహ, చెక్క శిల్పాలు, పాత చిత్రాల్లాంటివి మన దగ్గరుంటే రిజిస్టర్ చేయించాలి. దేశం దాటిస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు. డల్లాస్‌కో మెల్‌బోర్న్‌కో సూట్‌కేసులో పెట్టుకుపోదామనుకునేవాళ్లకు ఇక్కడితోనే పాతది లెక్కలోంచి పోయింది. కొత్తదే అయినా పాతదానిలా కనిపించే బొమ్మ తీసుకెళ్తుంటే, అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ పురావస్తు శాఖ నుంచి ముందే తీసుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు.

ఇక కొత్తవాటి సంగతి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఓజ కళాకారులు చేసే డోక్రా అనే ఇత్తడి పోత బొమ్మలు చూడండి. మట్టితో ఆకారం చేసి, దాని మీద సన్నటి మైనపు దారాలు వరసగా చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. మొహెంజొదారోలో దొరికిన 10.5 సెంటీమీటర్ల నర్తకి బొమ్మను పోసిందీ మైనం కరిగించే ఈ పద్ధతిలోనే. అసలైన డోక్రాను వెలుతురులో తిప్పి చూస్తే దారాల వరసలు కాస్త వంకరగా, ఒకటి సన్నంగా ఒకటి లావుగా కనిపిస్తాయి. గీతలన్నీ ఒకే లోతులో ఉండి, పక్కన అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత కూడా ఉంటే అది ఫ్యాక్టరీ సరుకు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద వేసే కథల బొమ్మలు, అంటే చేర్యాల పటాల విషయంలో కొత్తవైపు నా మొగ్గు ఇంకా ఎక్కువ. కులపురాణం చెప్పే కథకులు వాడిన పొడుగాటి పటాలు పాతబడితే పూజ చేసి నీళ్లలో కలిపేసేవాళ్లు. అందుకే పాతవి మిగిలింది తక్కువ. వాటిని హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియం లాంటి చోట్ల దాచారు. పాతవాటికి అదే సరైన చోటు. మనం కొనాల్సింది ఈ పటాలు వేసే నకాశీ కళాకారుల దగ్గర. అయితే షాపుల్లో దొరికే చిన్న ఫ్రేములు, కీచైన్లతో సరిపెట్టుకోవద్దు. గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి పట్టించిన ఖాదీ గుడ్డ మీద ఒక కథ మొత్తం వచ్చేలా నిలువు పటం వేసిమ్మని అడగండి, అడ్వాన్సు ఇవ్వండి, నెలలు పట్టినా ఆగండి. అలాంటి ఆర్డరు వస్తేనే వాళ్లకు తెలిసిన పెద్ద పని చేతిలో నిలుస్తుంది. పాత పటానికి ఇచ్చే డబ్బు మధ్యవర్తికి పోతుంది, వేసినవాళ్ల కుటుంబానికి రూపాయి కూడా చేరదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. అమెరికా ఆదివాసులైన హోపీ, అపాచీ ప్రజలు పవిత్రంగా చూసుకునే వస్తువులు 2013లో పారిస్‌లో వేలానికొస్తే, అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ 24 కొని వాళ్లకే తిరిగిచ్చేసింది. అదే హోపీ కళాకారులు కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చెక్కి స్వయంగా అమ్మే కాచీనా బొమ్మలు ఉన్నాయి. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అవి నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

మూడో రకం కూడా ఒకటుంది. కొత్తదానికి పొగ పట్టించి, మట్టిలో పాతిపెట్టి పాతదని అమ్మేది. చెయ్యి తగలని మూలల్లో కూడా అరుగుదల కనిపిస్తే అనుమానించండి. ఇది ఏ ధరకూ వద్దు.

మళ్లీ అమ్మితే లాభం వస్తుందా అంటే, కాగితాలున్న మంచి పాతదానికి రావచ్చు, కొత్తదానికి ఆశ పెట్టుకోవద్దు. లాభమే ముఖ్యమైతే వేరేచోట పెట్టుకోవచ్చు.

మీ ఇంట్లోనే తరాలుగా వస్తున్న పాత ఇత్తడి దేవుడో, పటమో ఉంటే మాత్రం కొత్త పాత లెక్కలు పక్కనపెట్టి దాన్నే కాపాడుకోండి. చింతపండుతో తోమి తళతళలాడించకండి, ఏళ్ల తరబడి పట్టిన ఆ రంగు ఒక్కపూటలో పోతుంది. ఫొటోలు తీసి, ఎవరి ద్వారా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. వందేళ్లు దాటిందనిపిస్తే రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోండి.