కంటైనర్‌కి కెర్నల్ మాడ్యూల్: హోస్ట్‌లోనే లోడ్ చేయాలా, లోపలి నుంచా?

వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌ని కంటైనర్‌లో, అంటే హోస్ట్ మెషీన్ మీద మిగతావాటి నుంచి వేరుగా నడిచే ప్రోగ్రామ్ డబ్బాలో, నడపాలి. దీని మాడ్యూల్ (కెర్నల్‌కి, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రామ్‌కి, అవసరమైనప్పుడు జోడించే కోడ్ ముక్క) 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి కెర్నల్‌లోనే ఉంది, కానీ ఎవరో ఒకరు లోడ్ చేయాలి. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు కాబట్టి ఎక్కడి నుంచి చేసినా అది చేరేది హోస్ట్ కెర్నల్‌లోకే.

శ్రమ: హోస్ట్‌లో అయితే మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్‌లోని ఒక ఫైల్‌లో పేరు రాస్తే చాలు, ప్రతి బూట్‌కీ సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) చూసుకుంటుంది. లోపలి నుంచైతే హోస్ట్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేయాలి, సిస్-మాడ్యూల్ కేపబిలిటీ (మాడ్యూళ్లు లోడ్ చేసే ప్రత్యేక అనుమతి) ఇవ్వాలి, కంటైనర్ తయారయ్యే ఇమేజ్‌లో మాడ్యూళ్లని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ ఉండాలి. ఆ మోడ్‌ప్రోబ్‌కి హోస్ట్ మాడ్యూల్ ఫైళ్లకి వాడిన కంప్రెషన్ తెలియకపోతే మళ్లీ మొదటికే. ఇమేజ్‌లోనే మాడ్యూళ్లు పెట్టుకోవడం అస్సలు వద్దు. హోస్ట్ కెర్నల్ అప్‌డేట్ అయిన రోజున వెర్షన్ కలవదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. ఆ కేపబిలిటీ ఉన్న కంటైనర్ ఏ కోడ్‌నైనా కెర్నల్‌లోకి ఎక్కించగలదు. అంటే హోస్ట్ మొత్తం దాని చేతిలో పెట్టినట్టే. హోస్ట్‌లో ముందే లోడ్ చేస్తే కంటైనర్‌కి నెట్-అడ్మిన్ (నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే అనుమతి) ఒక్కటి చాలు.

అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో (లోపలి రూట్‌కి హోస్ట్‌లో రూట్ అధికారం లేనిది) రెండో దారి, అంటే లోపలి నుంచి లోడ్ చేయడం, పనే చేయదు. లెక్స్‌డీ (LXD, కంటైనర్లని నడిపే టూల్) వాడేవాళ్లు కాన్ఫిగ్‌లో మాడ్యూల్ పేరు రాస్తే, కంటైనర్ మొదలయ్యే ముందు లెక్స్‌డీయే దాన్ని హోస్ట్‌లో లోడ్ చేస్తుంది.

సర్వర్ మీదైతే, పక్కన వేరేవాళ్ల కంటైనర్లు ఉంటే మరీ, హోస్ట్ దారే. డ్రైవర్లు రాస్తూ గంటకోసారి మాడ్యూల్ మార్చే టెస్ట్ మెషీన్ మీద మాత్రం లోపలి నుంచి చేసుకోండి.