రాస్ప్‌బెరీ పై పాటల పెట్టె: మూడు డాక్ బోర్డులు, వాటి డ్రైవర్లు, ఫైళ్ల ఫార్మాట్లు

మా హాల్లో పాత యాంప్లిఫయర్ పక్కన రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటరు (కింద దీన్ని ‘పై’ అంటాను) ఏడాదిగా పాటల పెట్టెగా పనిచేస్తోంది. దాని మీద పాటలు నడిపేది ఎంపీడీ అనే ప్లేయరు. ఈ ఏడాదిలో దానికి మూడు వేర్వేరు డాక్ బోర్డులు (ఫైలులోని అంకెలను స్పీకరుకు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చేవి) తగిలించి వాడాను: పీసీఎం5102ఏ చిప్పు ఉన్న చవక బోర్డు, పీసీఎం5122 చిప్పు ఉన్న రాస్ప్‌బెరీ పై వారి డాక్ ప్లస్, అదే చిప్పుతో పాటు రెండు గడియారపు స్ఫటికాలు కూడా ఉన్న హైఫైబెర్రీ డాక్ ప్లస్ ప్రో. కొనేముందు అందరిలాగే నేనూ చిప్పుల కొలతల పట్టికలు చదివాను. ఇప్పుడు కొనాల్సి వస్తే ముందుగా డ్రైవరు (బోర్డును నడిపే సాఫ్ట్‌వేరు) సంగతి చూస్తాను.

అసలు విడిగా డాక్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు సులువు. పై 4కు ఉన్న 3.5 మిల్లీమీటర్ల జాక్ వెనుక నిజమైన డాక్ లేదు. పల్స్‌ల వెడల్పును మార్చి, ఫిల్టరు గుండా పంపి శబ్దాన్ని పుట్టిస్తారు. పై 5లోనూ, జీరోలోనూ ఆ జాక్ కూడా లేదు. ఈ పద్ధతిలో వచ్చే సన్నని బుస సినిమా పాటలో వాద్యాల హోరు మధ్య తెలియదు గానీ, రాత్రి ఫ్యాను ఆపి కచేరీ వింటుంటే ఆలాపన ముగిసి తంబుర ఒక్కటే మిగిలే క్షణంలో స్పష్టంగా చెవిన పడుతుంది. కాబట్టి బోర్డులను నేను పరీక్షించింది కూడా ఆ తంబుర మీదే.

మొదటి బోర్డు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్న ఊదారంగు ముక్క. ‘పై’ కంప్యూటరు పిన్నుల్లో 12, 35, 40 నుంచి మూడు తీగలు, కరెంటుకూ గ్రౌండుకూ రెండు తీగలు కలిపి, కాన్ఫిగ్ ఫైలులో ‘డీటీఓవర్‌లే=హైఫైబెర్రీ-డాక్’ అన్న వరుసను చేర్చాను. పాత ట్యుటోరియళ్లు ఈ ఫైలు బూట్ ఫోల్డరులోనే ఉంటుందని చెబుతాయి; 2023లో వచ్చిన బుక్‌వార్మ్ (పై మీద నడిచే లినక్స్ వర్షను) నుంచి అది బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డరులోకి మారింది. రీబూట్ చేశాక కార్డు కనిపించింది, పాట నడుస్తున్నట్టు తెర చెప్పింది, స్పీకర్లు మాత్రం మూగగా ఉండిపోయాయి. రెండు సాయంత్రాలు డ్రైవరును అనుమానించాను. తీరా బోర్డును తిప్పి భూతద్దం పెట్టి చూస్తే, వెనుక మూడేసి చుక్కలతో నాలుగు జంపర్లు (టంకంతో కలిపి అమరిక ఎంచుకునే చోట్లు) ఉన్నాయి, నాలుగూ ఖాళీ. వాటిలో మూడోది మ్యూట్ పిన్నుకు సంబంధించినది. దాని నడిమి చుక్కను ‘హెచ్’ వైపు, మిగిలిన మూడింటిని ‘ఎల్’ వైపు టంకంతో కలపాలి. ముందువైపు ఎస్‌సీకే పిన్నును గ్రౌండుకు కలపాలి. అప్పుడే చిప్పు తనకు కావలసిన సిస్టం క్లాక్‌ను బిట్ క్లాక్ (పాట బిట్లతో పాటు వచ్చే తాళం) నుంచి తానే తయారు చేసుకుంటుంది. ఆవగింజంత టంకం పడగానే పాట వచ్చింది. అమ్మినవారు ఒక చీటీ ముక్క జతచేసి ఉంటే ఆ రెండు సాయంత్రాలు మిగిలేవి.

అయినా ఆ బోర్డు ధ్వనిని తప్పుపట్టలేను. తంబుర వెనుక బుస లేదు. ఇబ్బంది వేరే చోట ఉంది. ఈ చిప్పును ఐ2సీ (చిప్పులకు ఆదేశాలు పంపే రెండు తీగల మార్గం) ద్వారా అదుపు చేసే వీలు లేదు, కాబట్టి డ్రైవరుకూ చెప్పడానికేమీ ఉండదు; లినక్స్‌లో వాల్యూమ్ మీటలు చూపే ఆల్సామిక్సర్ తెరిస్తే ఒక్క మీటా కనిపించదు. వాల్యూమ్‌ను ఎంపీడీ సాఫ్ట్‌వేరులోనే తగ్గించాలి, లేదా యాంప్లిఫయర్ మీటను తిప్పాలి. పీసీఎం5122లో అలా కాదు. దాని డ్రైవరు ‘డిజిటల్’ అనే మీటను చూపుతుంది, తగ్గింపు చిప్పు లోపలే జరుగుతుంది. ఎంపీడీలో మిక్సర్ రకాన్ని ‘హార్డ్‌వేర్’ అని రాసి, ఆ మీట పేరు ఇస్తే ఫోనులోని ప్లేయరు యాప్ నుంచి వాల్యూమ్ చక్కగా కదులుతుంది. పైగా రాస్ప్‌బెరీ పై బోర్డు మీద చిన్న ఈప్రామ్ (బోర్డు వివరాలు దాచే మెమరీ) ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు పై దాన్ని చదివి సరైన డ్రైవరును తానే ఎక్కించుకుంటుంది. తీగలు లేవు, టంకం లేదు, ఫైలులో వరుస చేర్చే పని లేదు.

మూడో బోర్డు ప్రత్యేకత దాని గడియారం. డిజిటల్ సంగీతంలో ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్న రేటును బట్టి రెండు కుటుంబాలున్నాయి: సీడీ నుంచి వచ్చిన 44.1 కిలోహెర్ట్జ్, వీడియో వైపు నుంచి వచ్చిన 48 కిలోహెర్ట్జ్. పై తన సొంత క్లాక్‌ను ఈ రెండింటికీ పూర్ణ సంఖ్యతో భాగించలేదు. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ చేస్తూ సగటున సరిపెడుతుంది. ఆ తడబాటునే జిట్టర్ అంటారు. డాక్ ప్లస్ ప్రో మీద 22.5792 మెగాహెర్ట్జ్‌కు ఒకటి, 24.576 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున స్ఫటికాలు ఉంటాయి. అవి ఆ రెండు రేట్లకూ సరిగ్గా 512 రెట్లు. అప్పుడు తాళం కొట్టేది బోర్డు, దానికి తగ్గట్టు నడిచేది పై. ఇంజినీరింగ్‌గా ఇది సరైన పద్ధతి అనడంలో నాకు సందేహం లేదు. కానీ మా అబ్బాయి చేత బోర్డులు మార్పించి, ఏది మోగుతోందో చూడకుండా వింటే, రెండో బోర్డుకూ మూడో బోర్డుకూ తేడాను నా చెవులు పట్టలేకపోయాయి. యాభై దాటిన చెవులు, మామూలు స్పీకర్లు. మీ సంగతి వేరు కావచ్చు.

చెవికి తప్పకుండా తెలియకపోయినా, లెక్కకు తప్పకుండా తేలే పొరపాటు ఇంకొకటి ఉంది. ఎంపీడీని ‘డిఫాల్ట్’ పరికరానికి వదిలేస్తే చాలాసార్లు ధ్వని ఆల్సా (లినక్స్ ధ్వని వ్యవస్థ) వారి డీమిక్స్ అనే శబ్దాలు కలిపే భాగం గుండా వెళుతుంది. అది మామూలుగా అన్నింటినీ 48 కిలోహెర్ట్జ్‌కు మార్చేస్తుంది. సీడీ నుంచి జాగ్రత్తగా తీసుకున్న ఫైలు దారిలోనే రూపు మార్చుకుంటుందన్నమాట. పాట నడుస్తుండగా ప్రాక్ ఫోల్డరులో అసౌండ్ కింద ఆ కార్డుకు ఉండే ‘హెచ్‌డబ్ల్యూ_పారామ్స్’ ఫైలును తెరిచి చూడండి. సీడీ పాటకు అక్కడ రేటు 44100 అని ఉండాలి. 48000 అని ఉంటే దారి తప్పినట్టే. ఏ పాటా నడవనప్పుడు ‘క్లోజ్డ్’ అన్న ఒక్క మాటే ఉంటుంది. పరికరం పేరును ‘హెచ్‌డబ్ల్యూ’తో మొదలుపెట్టి నేరుగా కార్డుకు ముడిపెడితే ఈ సమస్య తీరుతుంది. అయితే కార్డును సంఖ్యతో కాక పేరుతో రాయండి. హెచ్‌డీఎంఐ ఔట్‌పుట్లు కూడా కార్డులుగానే లెక్కకొస్తాయి కనుక ఒక అప్‌డేట్ తరువాత నా డాక్ సంఖ్య మారి, పొద్దున్నే సుప్రభాతం వేళకు ఇల్లు నిశ్శబ్దంగా ఉండిపోయింది.

ఇక ఫార్మాట్లు. సీడీ ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు, అంటే నిమిషానికి పది మెగాబైట్ల పైమాటే. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌లో పెడితే అది చాలావరకు సగానికి దగ్గరగా తగ్గుతుంది, విప్పితే ఒక్క బిట్టు కూడా తేడా రాదు. కుదించని వేవ్ ఫైలు ఇంకా బాగా మోగుతుందనే వారితో నేను ఏకీభవించను. పైగా ఫ్లాక్ తన తలభాగంలో అసలు ధ్వని ఎండీ5 సంఖ్యను (డేటాకు వేలిముద్ర లాంటిది) దాచుకుంటుంది కాబట్టి, మెమరీ కార్డు పాడై ఫైలు చెడిపోతే పరీక్షించి తెలుసుకోవచ్చు; వేవ్‌కు ఆ సౌకర్యం లేదు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లను ఈ మూడు బోర్డులూ వాయిస్తాయి, కానీ 1950ల నాటి మోనో రికార్డింగును ఆ రేటుకు పెంచి అమ్మితే కొనేవాడి డిస్కు నిండడం తప్ప జరిగేదేమీ లేదు. నేను ‘లాస్‌లెస్’ అని డబ్బిచ్చి తీసుకున్న ఒక పాత పాటల సంపుటిని స్పెక్ట్రమ్‌లో చూస్తే, సుమారు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. ఎంపీ3ని ఫ్లాక్ సంచీలో పోసి ఇచ్చారు. ధ్వనిని ఒక్కో బిట్టు చొప్పున అతి వేగంగా రాసే డీఎస్‌డీ ఫైళ్ల మోజు ఉంటే ఈ బోర్డులు వద్దు. ఈ రెండు చిప్పులూ పీసీఎం (సీడీలో మాదిరి కొలతల వరుస) మాత్రమే అర్థం చేసుకుంటాయి. డీఎస్‌డీని పీసీఎం వేషంలో పంపే డీఓపీ పద్ధతిలో పంపితే పాటకు బదులు సన్నని బుస వస్తుంది. ఎంపీడీ చేత పీసీఎంగా మార్పించి వినవచ్చు గానీ, అప్పుడు అంత పెద్ద ఫైలు ఎందుకో నాకు అర్థం కాదు. డీఎస్‌డీనే కావాలనుకుంటే దాన్ని నేరుగా తీసుకునే యూఎస్‌బీ డాక్ కొనుక్కోవడం సులువు. లినక్స్‌లో చాలావాటికి వేరే డ్రైవరు పని ఉండదు.

ప్రస్తుతం హాల్లో ఉన్నది రెండో బోర్డు. స్ఫటికాల బోర్డును నాకంటే మంచి స్పీకర్లున్న మిత్రుడికి ఇచ్చేశాను. టంకం వేసిన ఊదారంగు బోర్డు ఒక పై జీరో మీద, అమ్మ గదిలో, వాల్యూమ్ మీట ఉన్న చిన్న స్పీకరుకు తగిలించి ఉంది.