ఇంట్లోనే సముద్రం: గాలి టబ్బు మేలా, ఇసుక మేలా?

వేసవి సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి తోటి అమ్మలంతా నన్ను అడుగుతున్నది ఒకటే. "పిల్లలు సముద్రానికి వెళ్దామని రోజూ అడుగుతున్నారు. ఇప్పట్లో కుదిరేలా లేదు. ఇంట్లోనే బీచ్ ఆట పెట్టాలంటే గాలి కొట్టే టబ్బు కొనమంటారా, ఇసుక తెప్పించమంటారా?" హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి దగ్గర సముద్రమంటే బాపట్ల సూర్యలంకో, చీరాల వాడరేవో. ఏదైనా 300 కిలోమీటర్ల పైమాటే. ఇద్దరి సెలవులూ కలవాలి, రైలు టికెట్లు దొరకాలి. మాకూ ఈ ఏడు కుదరలేదు. రెండు వేసవులు టబ్బుతో గడిపాం, ఈసారి ఇసుక పెట్టాం. రెండూ చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

టబ్బుని తక్కువ చేసి మాట్లాడను. విప్పి గాలి కొట్టి పైపు పెడితే గంటలో ఆట మొదలు. మే నెల ఎండకి పిల్లల ఒళ్లు చల్లబడుతుంది. పక్కింటి పిల్లలొచ్చినా నలుగురు పడతారు. ఆట అయ్యాక ఊడ్చే పని లేదు. మీ పిల్లలు అడిగేది నీళ్లాటే అయితే ఇంకేమీ ఆలోచించకుండా అదే కొనండి.

నీళ్ల లెక్క మాత్రం ముందే వేసుకోండి. 5 అడుగుల గుండ్రటి టబ్బులో అడుగు ఎత్తున నింపితే దాదాపు 550 లీటర్లు. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో అన్ని నీళ్లు రోజూ పారబోయడానికి నాకు చేతులు రాలేదు. పారబోయకపోతే మూడో రోజుకి అడుగున జిగట పడుతుంది. వారం పైన ఉంచితే డెంగీ దోమకి మనమే చోటిచ్చినట్టు, అది పెరిగేది నిలవున్న మంచినీళ్లలోనే. పైగా 550 లీటర్లంటే అర టన్ను దాటిన బరువు, బాల్కనీలో పెట్టే ఆలోచనే వద్దు. నీళ్లు ఎంత తక్కువున్నా పెద్దవాళ్లు పక్కనుంచి కదలకూడదు. చిన్నపిల్లలు బోర్లా పడితే రెండు మూడు అంగుళాల నీళ్లలోనూ ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాట ఇసుక ఆటలో పోసే నీళ్లకీ వర్తిస్తుంది.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. నేను టబ్బు మానేసింది వేరే కారణానికి. కిందటేడు ఓ సాయంత్రం మా చిన్నది ఇరవై నిమిషాలు కేరింతలు కొట్టి, పెదాలు వణుకుతుంటే లేచి నిలబడింది. టబ్బు అంచు పట్టుకుని చుట్టూ చూసి, "అమ్మా, అల ఎప్పుడొస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. అది అంతకుముందు ఒక్కసారే, సూర్యలంకలో, సముద్రం చూసింది. అప్పుడు కూడా లోపలికి దిగింది తక్కువ. ఒడ్డున కూర్చుని, అల వచ్చి కాళ్ల కింద ఇసుక లాక్కుపోతుంటే కిచకిచ నవ్వింది. దానికి గుర్తుండిపోయింది ఆ ఒడ్డే. టబ్బులో ఎన్ని నీళ్లు పోసినా ఒడ్డు రాదు.

అందుకని ఈ ఏడు డాబా మీద ఇటుకలు రెండు వరసలు పేర్చి, 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున మడి కట్టాం. దాని మీద టార్పాలిన్ పరిచి, సగంలో రెండు సిమెంటు బస్తాల ఇసుక పోసి, అవతలి సగంలోకి జారుగా సర్దాం. నీళ్లు రెండు బకెట్లు సరిపోయాయి. డాబాకి ఎటూ వాటం ఉంటుంది కదా, పల్లం వైపు నీళ్లు, మెరక వైపు ఇసుక. వంటింట్లోని పెద్ద పళ్లెం నీళ్లలో నిలువుగా పెట్టి ముందుకి తోస్తే అల లేచి ఇసుక మీదికి పాకుతుంది, తడి గీత వదిలి వెనక్కి జారుతుంది. అంతే, రెండు గంటలు పిల్ల నా కొంగు పట్టుకోలేదు.

మా అమ్మది చీరాల. కార్తీక పౌర్ణమికి వాడరేవులో సముద్ర స్నానాలు చేసిన మనిషి. మోకాళ్ల నొప్పులున్నా మెట్లెక్కి వచ్చి, ఆ మడి గట్టున కూర్చుని, చీర కాస్త పైకి దోపి ఎడమ పాదం ఇసుకలో పెట్టింది. పాదం మీద తడి ఇసుక పోసి అరచేత్తో తట్టి తట్టి గట్టిచేసి, మెల్లగా వెనక్కి లాగింది. లోపల గుల్లగా పిచ్చుకగూడు నిలిచింది. "ఇందులోకి పిచ్చుక వస్తుందా అమ్మమ్మా?" "నువ్వు అల్లరి చెయ్యకుండా కూర్చుంటే వస్తుందే తల్లీ." ఆ గూటి ముందు మా పిల్ల అంత కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

గూడు నిలవాలంటే తడి కుదరాలి. ఆరిన ఇసుక 8 గ్లాసులకి నీళ్లు 1 గ్లాసు, మాకు కుదిరిన పాళ్లు ఇవి. కొద్ది తడి ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి అంటిపెడుతుంది. ఎక్కువైతే అవే విడిపోయి జారిపోతాయి.

ఏ ఇసుక అని కూడా చాలామంది అడిగారు. ఏటి ఇసుకే తీసుకోండి. ఇళ్ల పనులకి ఇప్పుడు ఎక్కువగా దొరికే రోబో ఇసుక రాయిని పిండిచేసి తీసింది. రేణువులు కోసుగా ఉంటాయి, సన్న దుమ్ము లేస్తుంది, పిల్లల ఊపిరికి మంచిది కాదు. ఏటి ఇసుకైనా జల్లెడ పట్టకుండా వాడొద్దు. మాకు వచ్చిన రెండు బస్తాల్లో గాజు పెంకు ఒకటి, వంగిన మేకులు రెండు దొరికాయి. బకెట్లో వేసి, పైకి తేరిన నీళ్లు తేటపడేదాకా కడిగి, రెండు రోజులు ఎండబెట్టాం.

ఇసుకతో చాకిరీ లేదని చెప్పను. జుట్టులో, జేబుల్లో, మంచం మీద అన్నిచోట్లా అదే. డాబా నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కట్టకపోతే పూడుకుపోతుంది. రాత్రి పట్టా కప్పకపోతే పిల్లులు వచ్చి పాడుచేస్తాయి. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లకి ముందే చెప్పాలి. అయినా నా ఓటు ఇసుకకే.

ఇల్లు చిన్నది, బాల్కనీ కూడా లేదంటారా? దుకాణాల్లో దొరికే కైనెటిక్ ఇసుక, అంటే తడపకుండానే ముద్దకట్టే ఆట ఇసుక, ఒక పళ్లెంలో పోసివ్వండి. దానికి నీళ్లు తగిలితే పాడవుతుంది కాబట్టి అల ఆశ వదులుకోవాలి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే రెండేళ్లలోపు పిల్లలకి ఇసుక బదులు బొంబాయి రవ్వ చాలు. నీలం చీర నేలమీద పరిచి చెరో కొస పట్టి ఊపితే అదీ సముద్రమే, వాన రోజుకి పనికొస్తుంది.

వేళ గురించి ఒక్క మాట. అందరూ సాయంత్రం పెడతారు. అప్పటికి డాబా కాలుతూనే ఉంటుంది, ట్యాంకులో నీళ్లు మరిగినట్టుంటాయి. తెల్లవారి ఆరింటికి పెట్టి చూడండి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. మీ డాబా వాటం తూర్పుకే ఉంటే నీళ్ల మీద ఆ ఎర్రటి వెలుగు పడుతుంది. గవ్వలు, ఆలుచిప్పలు ఇంట్లో ఏవైనా ఉంటే ముందురోజు రాత్రే ఇసుకలో పూడ్చిపెట్టండి. కాల్చిన మొక్కజొన్న పొత్తుకి నిమ్మచెక్క, ఉప్పుకారం రాసి చేతికివ్వండి.

ఉప్పునీళ్లు కావాలని పేచీ పెడితే లీటరు నీళ్లకి 35 గ్రాముల కళ్లుప్పు వేసి విడిగా ఒక గిన్నెలో పెట్టండి. సముద్రపు ఉప్పదనం దాదాపు అంతే. వేలు ముంచి నాలుక్కి తాకించుకుని మా పిల్ల మొహం చిట్లించి, "సూర్యలంకే!" అంది. మడిలో నీళ్లకి మాత్రం ఉప్పు కలపొద్దు, రోజూ ఆట అయ్యాక అవి మా కరివేపాకు మొక్కకే పోస్తున్నాం.