హెచ్చరిక: 21 రోజుల భుజం కోర్సుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

భుజం నొప్పి పోగొడతానంటూ ఫోన్‌లో ఈ కోర్సు అమ్మే కోచ్ ఎవరో మీలో చాలామందికి నేను పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువుల బార్‌ను పైకి నెట్టే వ్యాయామం) చేస్తూ భుజం పట్టేసుకుని ఫోన్‌లో మందు వెతికే ప్రతివారికీ ముందుగా ఎదురయ్యేది ఆయన ప్రకటనే కాబట్టి పరిచయ వాక్యాలు రాయడం లేదు. ఆయన గ్రూపు నుంచి నన్ను తొలగించి ఇంకా రెండు రోజులు కూడా నిండలేదు. కోపం చల్లారాక రాస్తే మర్యాద అడ్డొచ్చి సగం సంగతులు మింగేస్తానేమోనని, కుడి చెయ్యి సహకరించకపోయినా ఎడమ చేత్తోనే ఇప్పుడు టైపు చేస్తున్నాను.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. కుడి భుజం ముందు భాగంలో నొప్పి మొదలై అప్పటికి ఆరు వారాలైంది. బార్‌ను ఛాతీ దాకా దించినప్పుడు పొడిచినట్టు ఉండేది. చేతిని పక్క నుంచి పైకెత్తుతుంటే సగం దూరంలో నొప్పి పుట్టి, చెయ్యి తల దగ్గరికి చేరేసరికి తగ్గిపోయేది. ఆ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి మెలకువ వచ్చేది. ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోమని జిమ్‌లో ఇద్దరు మిత్రులు చెప్పినా, వెళితే బరువులు మానేయమంటారన్న భయంతో నేను వెళ్ళలేదు. బరువులు మానకుండానే 21 రోజుల్లో భుజం కొత్తదవుతుందని ఈయన చెప్పాడు. నేను వినాలనుకున్న మాటే వినిపించింది కాబట్టి, మరో ప్రశ్న అడగకుండా అన్నిటికన్నా ఖరీదైన విభాగానికి డబ్బు కట్టేశాను.

ఆ విభాగానికే ఎందుకు కట్టానో చెప్పాలి. అందులోని వ్యాయామాలు ఎక్కడైనా ఉచితంగా దొరికేవే. బ్యాండ్‌తో చేతిని బయటికి తిప్పడం, గోడకు చేతులు ఆనించి పైకి జార్చడం, తాడును ముఖం వైపు లాగే ఫేస్ పుల్ వంటివి నాకు అంతకు ముందే తెలుసు. తక్కిన రెండు విభాగాల్లో లేనిదీ దీనిలో ఉన్నదీ ఒక్కటే: ప్రతి వారం నేను పంపే వీడియోను కోచ్ స్వయంగా చూసి, మరుసటి వారం బరువూ వ్యాయామమూ నిర్ణయిస్తాడు. అంటే నేను కొన్నది ఒక మనిషి చూపును.

భుజం విషయంలో ఆ చూపుకు నిజంగానే విలువ ఉంది. రెక్క ఎముక అంచున ఉండే గుంట లోతులేనిది, దాని మీద ఆనుకునే చేతి ఎముక తల ఆ గుంట కన్నా చాలా పెద్దది. చెయ్యి ఇన్ని దిక్కులకు తిరగగలగడానికీ, ఇంత తేలికగా దెబ్బతినడానికీ కారణం ఆ అమరికే. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అనే నాలుగు చిన్న కండరాలు, అంటే మనమందరం రొటేటర్ కఫ్ అనేవి, ఆ తలను గుంట మధ్యలో పట్టి ఉంచుతాయి. చెయ్యి పూర్తిగా పైకి లేవాలంటే ఆ కదలికలో సుమారు మూడింట రెండు వంతులు కీలు నుంచి, ఒక వంతు రెక్క ఎముక తిరగడం నుంచి రావాలి. రెక్క ఎముక తిరగాల్సినంత తిరగకపోతే భారమంతా కీలు మీద పడుతుంది. ఒకే వ్యాయామాన్ని ఒకే బరువుతో ఇద్దరు చేస్తుంటే ఒకరికి అది చికిత్స, మరొకరికి గాయం కావచ్చు, ఆ తేడా తెలియాలంటే వీపు వైపు నుంచి ఎవరో ఒకరు చూడాలి. ఇంత తెలిసినవాడిని, చూసేవాడు చూస్తున్నాడో లేదో మాత్రం తెలుసుకోలేదు.

మొదటి వారం బాగానే గడిచింది, నొప్పి కొంచెం తగ్గింది కూడా. ఆ వారం బెంచ్ ప్రెస్ మానేశాను కాబట్టి తగ్గిందన్నది ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం ఆ ఘనత కోచ్ ఖాతాలో వేసి గ్రూపులో ఆయనను పొగుడుతూ నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలూ ఇప్పటికీ ఆయన ప్రకటనలో ఉన్నాయి. తొమ్మిదో రోజున బార్‌ను ఒంటి ముందు నుంచి నిలువుగా పైకి లాగే అప్‌రైట్ రో, మెడ వెనుక నుంచి బార్‌ను పైకి నెట్టే ప్రెస్ వచ్చిపడ్డాయి. భుజం బాగున్నవారు, తగినంత కదలిక ఉన్నవారు వీటిని చేయకూడదని నేను అనడం లేదు. కానీ అప్‌రైట్ రోలో చెయ్యి లోపలికి తిరిగిన స్థితిలో పైకి లేస్తుంది కాబట్టి, భుజం కొసన పైకప్పులా ఉండే ఎముక కింద టెండన్‌కు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీకి, ఉన్న కాస్త చోటు మరీ ఇరుకవుతుంది. మెడ వెనుక ప్రెస్‌లో చెయ్యి బయటి వైపు చివరి హద్దు దాకా తిరిగి ఉండగా బరువు మోయాలి. పైకెత్తే దారిలో సగంలో నొప్పి వస్తోందని మొదటి రోజే ఫారంలో రాసిచ్చిన మనిషికి, రెండో వారంలోనే ఈ రెండూ ఇవ్వడం చూసి నాకు అనుమానం కలిగింది.

అందుకే వీడియో శ్రద్ధగా తీశాను. రెక్క ఎముక కదలిక స్పష్టంగా కనిపించాలని బనియన్‌తో నిలబడి, ఫోన్‌ను వెనుక పెట్టి, మూడు సెట్లూ పూర్తిగా తీసి, లింక్ ఉన్నవారు మాత్రమే చూడగలిగేలా నాలుగు నిమిషాల వీడియో ఎక్కించి పంపాను. మూడో రెప్ నుంచి, అంటే మూడోసారి ఎత్తి దించినప్పటి నుంచి, నొప్పి పెరుగుతోందనీ, ఆ రాత్రి చొక్కా చేతిలో చెయ్యి దూర్చడమే కష్టమైందనీ దానితోపాటు రాశాను. పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను: ‘మీ వీడియో చాలా జాగ్రత్తగా చూశాను. మీ ఎడమ భుజం కదలిక గత వారం కన్నా ఎంతో మెరుగుపడింది. నొప్పి వస్తోందంటే నిద్రపోతున్న కండరం మేలుకుంటోందని అర్థం. వచ్చే వారం బరువు పెంచండి.’

ఎడమ భుజం! నాకు నొప్పి కుడి భుజంలో. అక్కడే ఆగిపోవాల్సింది. ఆగకపోగా, ఫోన్ కెమెరా అద్దంలాగా కుడిఎడమలు తారుమారు చేసి ఉంటుందని ఆయన తరఫున నేనే ఒక సమాధానం కల్పించుకుని, నాకు నేనే నచ్చజెప్పుకుని, బరువు పెంచాను. పదహారో రోజున మెడ వెనుక ప్రెస్‌లో ఐదో రెప్ దగ్గర భుజం లోపల ఏదో జారినట్టయి, బార్‌ను రాక్ మీదికి చేర్చడానికి జిమ్‌లో పక్కనున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రానికి చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు.

ఆ రాత్రి అదే వీడియోను మళ్ళీ పంపుదామని లింక్ తెరిస్తే, కింద ఎంతమంది చూశారో తెలిపే అంకె కనిపించింది. ఒకటి. ఆ ఒక్కటీ నాదే, సరిగా ఎక్కిందో లేదోనని వేరే ఫోన్‌లో నేనే ఒకసారి తెరిచాను. ‘చాలా జాగ్రత్తగా చూశాను’ అన్న పెద్దమనిషి దాన్ని తెరవనే లేదు. తెరవకుండానే నా ఎడమ భుజం మెరుగుదల ఆయనకు కనిపించిందంటే అది మామూలు చూపు కాదు, దివ్యదృష్టి. దానికి నేను కట్టిన రుసుము తక్కువే అనుకోవాలి. ఆయన మెచ్చుకున్న ఆ ఎడమ చేత్తోనే ఇది రాయగలుగుతున్నాను కాబట్టి, ఆ మేరకు ఆయన మాట నిజమైందని కూడా ఒప్పుకుంటున్నాను.

మరునాడు ఆ అంకె కనిపించేలా తెర బొమ్మ తీసి గ్రూపులో పెట్టి, వివరణ ఇవ్వండి, లేకపోతే డబ్బు వాపసు చేయండి అని అడిగాను. అరగంట మౌనం తరువాత వచ్చిన జవాబు ఇది: ‘మీకు ఫలితం కన్నా ఫిర్యాదు మీద శ్రద్ధ ఎక్కువ. బలహీనమైన మనసుకు బలమైన భుజాలు రావు. కోర్సు పూర్తి చేయనివారికి వాపసు లేదని నిబంధనల్లో ఉంది.’ దాన్ని చదవడం పూర్తయ్యేలోపే నన్ను గ్రూపు నుంచి తీసేశారు, పాఠాల వీడియోలు కూడా తెరుచుకోవడం లేదు. పదిహేడో రోజున వాళ్ళే బయటికి గెంటి, 21 రోజులు పూర్తి చేయలేదు కాబట్టి డబ్బు రాదనడంలో ఉన్న తెలివిని మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా పని. బార్ కింద అనుభవించిన నొప్పికన్నా ఆ ‘బలహీనమైన మనసు’ అన్న మాటే ఇప్పటికీ ఎక్కువ సలుపుతోంది.

చేతులు కాలాక నిన్న ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నలభై నిమిషాలు పరీక్షించారు, అందులో సగం సేపు నా వీపు వైపే నిలబడ్డారు. చేతిని నెమ్మదిగా ఎత్తమని చెప్పి నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూశారు. తరువాత రెక్క ఎముక అడుగు కొనను తన అరచేత్తో పట్టి, నేను ఎత్తుతున్నకొద్దీ దాన్ని బయటికీ పైకీ తిప్పుతూ మళ్ళీ ఎత్తించారు. చెయ్యి అంతకు ముందుకన్నా పైకి లేచింది, నొప్పి సగానికి తగ్గింది. ఒక అరచెయ్యి సాయంతో తేలిపోయిన సంగతి కోసం నేను పదిహేడు రోజులు ఒక గ్రూపులో కూర్చున్నాను. మెడ కదలిక, చేతి వేళ్ళలో తిమ్మిరి, కండరాల బలం అన్నీ చూశాక, చెయ్యిని బయటికి తిప్పే బలం నొప్పితో అయినా ఉంది కాబట్టి టెండన్ పూర్తిగా తెగినట్టు అనిపించడం లేదనీ, రెండు వారాల్లో బలం తిరిగి రాకపోతే స్కాన్ తీయించి ఎముకల డాక్టరుకు చూపించాలనీ చెప్పారు. వెంటనే స్కాన్ ఎందుకు వద్దన్నారంటే, నొప్పే లేని భుజాల్లో కూడా వయసుతోపాటు టెండన్ చిరుగులు కనిపిస్తాయట, బొమ్మను చూసి మనిషిని భయపెట్టడం తనకు ఇష్టం లేదట.

భయపెట్టడం అంటే గుర్తొచ్చింది. ‘ఇది చేయకపోతే చివరికి ఆపరేషనే’ అన్నది మన కోచ్ గారి ప్రకటనలో పెద్ద అక్షరాల వాక్యం. భుజం కొసన ఉన్న ఎముక టెండన్‌కు రాసుకోవడమే నొప్పికి మూలమన్న వాదాన్ని చార్లెస్ నీర్ అనే శస్త్రవైద్యుడు 1972లో ప్రతిపాదించాక, ఆ ఎముకను కొంత గీకేసే ఆపరేషన్ ఎన్నో ఏళ్ళు విరివిగా జరిగింది. అయితే బ్రిటన్‌లో కొందరికి నిజంగా ఎముక గీకి, కొందరికి లోపలికి గొట్టం పంపి చూసి మాత్రమే వదిలేసి పోల్చిన పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. రెండు వర్గాల మధ్య రోగికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. కాబట్టి తెగిపోని టెండన్ నొప్పికి ఆపరేషన్ బూచిని చూపించి కోర్సు అమ్మేవారి మాట నమ్మనక్కరలేదు.

నిన్న నాకు సిగ్గనిపించిన ఘట్టం మరొకటి ఉంది. ఆవిడ నా వ్యాయామ డైరీ అడిగారు. మూడేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా రాసుకున్న పుస్తకం కాబట్టి గర్వంగానే ఇచ్చాను. నొప్పి మొదలైన వారానికి ముందు నెల పేజీలు తీసి, పెన్సిల్‌తో నెట్టే వ్యాయామాల సెట్లకు ఒక గుర్తు, లాగే వ్యాయామాల సెట్లకు ఒక గుర్తు పెట్టి లెక్కపెట్టారు. వారానికి రెండు రోజులున్న ప్రెస్, అంటే నెట్టడం, నాలుగు రోజులైంది, రో, అంటే లాగడం, మాత్రం ఒక్క రోజు దగ్గరే ఉండిపోయింది. పేజీ నా వైపు తిప్పి ఏమీ అనకుండా ఊరుకున్నారు. కోచ్ ఆ డైరీ సంగతి ఎన్నడూ అడగలేదు, నేనూ దాన్ని నా కళ్ళతో ఆ విధంగా ఎన్నడూ చూసుకోలేదు.

ఇప్పుడు నాకు రాసిచ్చినది చాలా చప్పగా ఉంది. మోచేతిని ఒంటికి ఆనించి, గోడను ముంజేతితో కదలకుండా నెట్టి పట్టి ఉంచడం, అది కుదిరాక తేలికపాటి బ్యాండ్, ఆ తరువాత బొటనవేలు పైకి పెట్టి చేతిని కాస్త ముందు వైపుగా ఎత్తడం, పుషప్ చివరలో రెక్క ఎముకలను ముందుకు నెట్టడం. చేస్తున్నప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఫరవాలేదు, కానీ మరునాటి ఉదయానికి అది మామూలు స్థాయికి రావాలి, రాకపోతే బరువు తగ్గించాలి. బెంచ్ మీదికి తిరిగి వెళ్ళేటప్పుడు మొదట డంబెల్స్‌తో నేల మీద పడుకుని ప్రెస్ చేయాలి, మోచేతులు ఒంటికి అడ్డంగా విప్పకుండా సుమారు 45 డిగ్రీల దగ్గర ఉంచాలి, బార్ పట్టు భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. టెండన్ వారాల్లో కాదు, నెలల్లో కోలుకుంటుందట. 12 వారాలు మొదటి మజిలీ అన్నారు. 21 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఆవిడ నవ్వారు.

కొనబోయేవారికి నా సలహా ఇంతే. వీడియో చూస్తామన్న ఏ కోచ్‌కైనా మొదటి వీడియోలో కావాలనే ఒక తప్పు చేసి పంపండి, పట్టుకుంటాడో లేదో చూసి అప్పుడు పెద్ద మొత్తం కట్టండి. దెబ్బ తగిలిన వెంటనే చెయ్యి లేవకపోయినా, భుజం ఆకారం మారినా, చేతికి తిమ్మిరి ఎక్కినా, నొప్పితోపాటు జ్వరం వచ్చినా కోర్సులన్నీ పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

డబ్బు చెల్లించిన యాప్‌లో నిన్న ఫిర్యాదు నమోదు చేశాను. వారం లోపు ఆధారాలు పంపమన్నారు. మీలో ఎవరికైనా ఈయన దగ్గర నుంచి ‘ఎడమ భుజం ఎంతో మెరుగుపడింది’ అన్న సందేశం వచ్చి ఉంటే, ముఖ్యంగా మీకు నొప్పి కుడి వైపో మోకాలిలోనో అయి ఉంటే, దాని తెర బొమ్మను దయచేసి నాకు పంపండి, నా ఫిర్యాదుకు జత చేస్తాను.